మొదట వలలో పడ్డది

మా పక్క ప్లాటులో ఎవరో ఇల్లు మొదలుపెట్టారు. బూడిద ఇటుకలు అక్కడే పోయించుకుంటారట, ఒక లారీ బూడిద తెచ్చి సగం వాళ్ళ స్థలంలో, సగం మా గేటు ముందు కుమ్మరించి వెళ్ళారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పొద్దున పాలపాకెట్టు కోసం బయటికి వస్తూ మేస్త్రీని నాలుగు దులపాలని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. తీరా చూస్తే, మంచుకు తడిసి అణిగిన ఆ బూడిద మీదుగా ఏదో మేక నడిచి వెళ్ళింది. గిట్టల గుర్తులు అచ్చుగుద్దినట్టు పడ్డాయి. కోపం ఎటు పోయిందో తెలియదు. అక్కడే గొంతుకూర్చుని, ఆ గిట్టల వెనక రెండు చుక్కలు ఉన్నాయా లేవా అని చూస్తూ ఉండిపోయాను. లోపలి నుంచి మా అమ్మాయి రెండు మూడుసార్లు పిలిచాక గానీ లేవలేదు.

ఆ చుక్కలు చూడడం నాకు మా తాత నేర్పాడు. అప్పుడు నాకు పన్నెండో పదమూడో ఏళ్ళు.

మా నాన్నను మేము బాపు అంటాం. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం ఆయన పని. మేము టౌనులో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. తెల్లవారకముందే వరసంతా బొగ్గు కుంపట్లు అంటించేవారు. ఆ పొగ వాసన, చాయ్ మరిగే వాసన, ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్ళ తలల మీది కొబ్బరినూనె వాసన అన్నీ కలిసి వస్తే మాకు తెల్లవారినట్టు. ఆదివారం వస్తే బాపు నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఊరికి తీసుకుపోయేవాడు. ఊళ్ళో తాత, బాపమ్మ ఉండేవారు.

ఆ ఊరికి అప్పటికే రోజులు దగ్గరపడ్డాయి. ఊరి కింద బొగ్గు ఉందని, పైనుంచి మట్టి ఎత్తిపోసి తీస్తారని తేలిపోయింది. అవతలి ఊళ్ళను మింగిన గొయ్యి మా ఊరి పొలాల దాకా వచ్చి ఆగింది. మధ్యాహ్నం పూట అక్కడ పేలుళ్ళు పేలిస్తే గోడకు కట్టిన బాపమ్మ దంతె మీద గిన్నెలు గలగలమనేవి. "వచ్చిండ్రు చుట్టాలు" అనేది ఆవిడ, అన్నం వడ్డిస్తూనే. రోడ్డు పక్కన కొత్త కాలనీ గీశారు. కొందరు అప్పటికే వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు వడ్లు ఇంటికి రాగానే పోదామని చూస్తున్నారు. పోయేవాళ్ళు దూలాలు, తలుపులు, పెంకులు విప్పుకుని తీసుకుపోయేవారు. అట్లా విప్పుతూ ఒకాయన దూలం మీద పడి నడుం విరగ్గొట్టుకున్నాడు కూడా.

ఊరికి ఇంకో పక్క పవర్‌హౌజ్ బూడిద చెరువు. చెరువంటే నీళ్ళు కాదు. బూడిదను నీళ్ళలో కలిపి పెద్ద పైపుల్లో తెచ్చి వదిలితే, నీళ్ళు ఇంకి బూడిద మిగిలిన మైదానం. ఒక మూల ఇంకా తడిగా ఉండి జమ్ము పెరిగేది. చలికాలం పొద్దున్నే పొగమంచులో కట్ట మీద నిలబడి చూస్తే తెల్లగా, చప్పుడు లేకుండా, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా ఉండేది. టీవీలో మంచు దేశాలు చూసి, మాకూ అట్లాంటిది ఒకటి ఉందని క్లాసులో చెప్పుకుని గొప్పలు పోయేదాన్ని. ఎవరూ నమ్మలేదు. గాలి వీచిన రోజు ఆ మంచంతా అన్నంలో పడి, పళ్ళ కింద కరకరలాడేదన్న సంగతి మాత్రం నేను చెప్పలేదు.

ఆ బూడిద మీద దుప్పి అడుగులు పడుతున్నాయని ఆ చలికాలం ఊళ్ళో మాట పుట్టింది. గొయ్యి కోసం గుట్ట మీది అడవి కొట్టేశాక వాటికీ చోటు లేకుండా పోయింది. జమ్ము కోసమో, పక్కనున్న మడుగులో నీళ్ళ కోసమో తెల్లవారుజామున వచ్చి పోతున్నాయి. ఆ మాట వినగానే తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఊరి వేటకు పెద్ద. ఇప్పుడు కళ్ళకు పొరలు కమ్మాయి. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. ఆపరేషన్ అంటే పెద్ద దవాఖానకు పోవాలి, పోతే తిరిగి రానివ్వరని ఆయనకు గట్టి నమ్మకం.

నాకు అల్లరి బుద్ధి పుట్టింది. చింతగింజను రెండుగా చీల్చి, వాటితో ఇంటి వెనక పొయ్యి బూడిద మీద వరసగా గుర్తులు వేసి, "తాతా, దుప్పి మనింటికే వచ్చింది" అని పిలిచాను. తాత వంగి, వేళ్ళతో తడిమి తడిమి చూశాడు.

"ఈ దుప్పికి ఒక్కటే కాలున్నదా బిడ్డా? కుంటుకుంట వచ్చినట్టున్నది పాపం."

బాపమ్మ నవ్వుతూ గరిటె కింద పెట్టేసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ తాత కోప్పడలేదు. "నీ కండ్లు మంచిగున్నయి. నువ్వు చూసి చెప్పు, నేను సమజ్ చేసుకుంట" అన్నాడు. అట్లా నేను ఆయనకు కళ్ళనయ్యాను.

ప్రతి ఆదివారం కట్ట మీదికి పోయేవాళ్ళం. నేను గుర్తు ఎట్లా ఉందో చెప్పేదాన్ని. ముందు సన్నంగా ఉందా, మొద్దుగా ఉందా, రెండు చీలికలూ దగ్గరగా ఉన్నాయా, విడిపోయాయా. ఆయన విని, ఇది ఆడది, ఇది ఉరికింది, ఇది నిలబడి వెనక్కి చూసింది అని చెప్పేవాడు. "గిట్ట ఎనుక రెండు చుక్కలు గిన పడితే జాగ మెత్తగున్నట్టు. కాలు లోపటికి దిగితేనే ఎనుకటి చిన్న గిట్టలు భూమికి తాకుతయి. ఆడ మనిషి పోవద్దు" అని ఒకటికి పదిసార్లు చెప్పాడు.

సాయంత్రం బాపమ్మ అనపకాయలు ఉడకబెట్టి చాటలో పోసేది. మేము ఒలుచుకు తింటుంటే తాత వేట సంగతులు చెప్పేవాడు. జనుపతాడుతో అల్లిన ఊరి వల ఒకటి మా అటక మీద ఉండేది. ప్రతి గడప నుంచి తాడు తెచ్చి అల్లినది కాబట్టి, దానిలో పడ్డది ఊరందరిదీ. పోగులు పెట్టి ఇంటింటికీ పంచాలి. భర్త పోయిన ఆడమనిషి ఇంటికీ పోగు ఉండాలి, వేటకు రాని ఇంటికీ ఉండాలి. ఇంకో కట్టుబాటు, ఆ రోజు వలలో మొదట ఏది పడితే అదే వేట. అది తినేది కాకపోతే, వదిలేసి వల మడిచి ఇంటికి రావాల్సిందే. రెండోసారి వేయకూడదు.

"ఒకపారి గట్లనే పక్కింటోళ్ళ లేగదూడ పడ్డది" అన్నాడు తాత. "పొద్దంత తిరిగి తిరిగి దూడను తోలుకొని ఇంటికొచ్చినం."

"పాలన్న ఇచ్చిందా?" అంది బాపమ్మ.

ఇట్లా మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒకరోజు ఆయన మనసులో మాట బయటపెట్టాడు. "ఊరు లేస్తున్నది. లేచి తలా ఒక దిక్కు పడేముందర, ఒక్కపారి అన్ని గడపలోళ్ళు ఒక్క వేట కూర తినాలె. గంతే. ఇంక నాకేం వద్దు."

బాపు వద్దన్నాడు. దుప్పిని కొడితే జైలని అప్పటికి పసిపిల్లలకు కూడా తెలుసు.

"నా ఊరే పోతాంది కొడుకా. జైలుల అన్న ఇంత జాగ దొరుకుతది" అన్నాడు తాత.

బాపు నవ్వేశాడు. ఆయనకు తండ్రి మాట కాదనే అలవాటు లేదు, నవ్వు ఆపుకునే అలవాటు అంతకన్నా లేదు. తాత ఇంటింటికీ కబురు పంపాడు. కాలనీకి వెళ్ళిపోయినవాళ్ళకు కూడా. వచ్చే ఆదివారం వేట, మీ పోగు మీరు తీసుకుపోండి అని. అంత మాట ఇచ్చాక ఆయన నిద్ర మానేశాడు. మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ, ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో గొణుక్కుంటూ ఉండేవాడట.

ఆదివారం తెల్లవారేసరికి కట్ట మీద ఉన్నాం. తాత, బాపు, ఊరివాళ్ళు నలుగురైదుగురు, టిప్పర్ కాక. టిప్పర్ కాక బాపుకు చిన్నాయన కొడుకు, బొగ్గు టిప్పర్ నడిపేవాడు. సన్నగా, చువ్వలా ఉండేవాడు. మాట దురుసు, ఆకలి ఎక్కువ. వచ్చేటప్పుడే మంచి కత్తి సానపట్టి తెచ్చుకున్నాడు. ఆడపిల్లను వేటకు తెస్తారా అని ఎవరో అంటే తాత, "అది వేటకు రాలె, నా కండ్లు వచ్చినయి" అన్నాడు.

జమ్ము మూల నుంచి కట్టకు పోయే సందులో రెండు గుంజలు పాతి వల కట్టారు. నేనూ తాతా గుర్తుల వెంట పోయాం. తాజాగా ఉన్నాయి, అంచులు ఇంకా విరగలేదు. చేతులు కొంకర్లు పోతున్నా నాకు చలి తెలియలేదు. మంచు కొంచెం పలచబడేసరికి జమ్ము పక్కన అది కనిపించింది. ఆడ దుప్పి, ఒక్కటే. చెవులు మా వైపు తిప్పి నిలబడింది. అంత దగ్గరగా, అంత నిశ్శబ్దంగా ఒక అడవి ప్రాణిని నేను అంతకుముందు చూడలేదు. ఒంటి మీద చుక్కల మధ్య బూడిద అంటుకుని సగం చుక్కలు కనిపించడం లేదు. నేను తాత చెవిలో చెప్పాను. ఆయన చెయ్యెత్తాడు. అటువైపు నుంచి మనుషులు కేకలేస్తూ తోలడం మొదలుపెట్టారు.

అది వల వైపు రావాలి. రాలేదు. మనుషుల మధ్య నుంచి పక్కకు తిరిగి బూడిద చెరువు నడుమకు ఉరికింది. కొంతదూరం పోయి ఆగిపోయింది. ముందుకూ పోవడం లేదు, వెనక్కీ రావడం లేదు. కాసేపటికి కాళ్ళు కనిపించడం మానేశాయి.

"దిగబడ్డది" అని టిప్పర్ కాక అరిచాడు. "దొరికినట్టే ఇగ."

బాపు చేతిలో కర్ర ఉంది. బాయిలో ఆయన పనే అది. డ్యూటీ ఎక్కగానే కర్రతో పైకప్పు తట్టి చెవి పెట్టి వింటారు. గట్టిగా మోగితే కప్పు నిలుస్తుంది, డొల్లగా మోగితే కూలుతుంది. ఆ చప్పుడును నమ్మే ఆయన ఇరవై ఏళ్ళు భూమి కింద బతికి బయటికి వస్తున్నాడు. ఇప్పుడు ఆ కర్రతోనే బూడిదను తట్టాడు. ఎండి అట్టకట్టిన బూడిద గట్టిగానే మోగింది. ఒక అడుగు వేసి మళ్ళీ తట్టాడు. అదీ గట్టిగానే మోగింది. అట్లా తట్టుకుంటూ దుప్పి వైపు నడిచిపోయాడు.

నేను ఆయన పోతున్న దారిలో దుప్పి అడుగులు చూస్తున్నాను. ఉన్నట్టుండి గిట్టల వెనక రెండు చుక్కలు కనిపించాయి. తర్వాతి అడుగులోనూ చుక్కలే.

"తాతా, చుక్కలు పడ్డయి" అన్నాను.

తాత మొహం మారిపోయింది. "కొడుకా, ఆగు. పోకు, మెత్తగున్నది" అని గొంతు చించుకున్నాడు.

"తట్టి చూసిన నాయినా, గట్టిగనే మోగుతాంది" అన్నాడు బాపు, వెనక్కి తిరగకుండానే.

నెత్తి మీదున్న దాన్ని తట్టే చెయ్యి అది. కాళ్ళ కింద ఉన్నదాన్ని తట్టి కూడా అంతే నమ్మింది. మరో రెండడుగులు వేశాడు. పైన అట్ట విరిగిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. మోకాళ్ళ దాకా, గుంజుకోబోతే తొడల దాకా, ఇంకా గుంజుకోబోతే నడుం దాకా దిగిపోయాడు. దుప్పికీ ఆయనకీ మధ్య రెండు చేతుల దూరం ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బూడిదలో ఉన్నారు.

నేను ఏడవడం మొదలుపెట్టాను. టిప్పర్ కాక పరుగెత్తబోతే తాత అతని చెయ్యి పట్టి ఆపాడు. "నువ్వు గూడ దిగుతవ్. వల ఇప్పుండ్రి. జల్ది" అన్నాడు.

గుంజల నుంచి వల విప్పి తెచ్చారు. తాడు కొస ఇటువైపు పట్టుకుని, వలను చాపలా పరిచి విసిరారు. మొదటిసారి అందలేదు. రెండోసారి బాపు చేతికి అందింది. "నిలబడకు కొడుకా, పండుకో. అంగడిల చేప లెక్క పండుకో" అని తాత అంటూనే ఉన్నాడు, ఏమీ కనపడకపోయినా అటే చూస్తూ. బాపు వల మీద బోర్లా పడుకుని పట్టుకున్నాడు. అందరూ లాగారు. నేనూ లాగాను. ఆడపిల్ల వల ముట్టకూడదని అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. కంపెనీ ఇచ్చిన బూట్లు రెండూ బూడిదకు వదిలేసి, నెత్తి నుంచి పాదం దాకా తెల్లగా, బాపు గట్టు మీద పడ్డాడు. తాత ఆయన మొహం, భుజాలు, కాళ్ళు వేళ్ళతో తడిమి చూసుకున్నాడు.

టిప్పర్ కాక, "పెద్దబాపూ, ఇగ వల దాని మీద ఇసురుదామా? ఎక్కడికి పోతది అది" అన్నాడు.

అన్ని గడపలకూ తాత ఇచ్చిన మాట అక్కడ, నాలుగైదు బారల దూరంలో, బూడిదలో ఇరుక్కుని ఉంది. వల విసిరితే అందేంత దగ్గర. ఆయనకు అంతకన్నా కావలసింది ఇంకేమీ లేదని మా అందరికీ తెలుసు.

"ఇయ్యాల వలల మొదలు పడ్డది నా కొడుకు" అన్నాడు తాత. "వల మడువుండ్రి."

"గా కట్టుబాటు ఊరున్నప్పుడు పెద్దబాపూ. ఇప్పుడు ఊరేడున్నది?"

"నేనున్నన్నిరోజులు ఉన్నది."

టిప్పర్ కాక కత్తిని బూడిదలోకి విసిరికొట్టాడు. ఇంటి దగ్గర అందరూ చూస్తుంటారు, ఏ మొహం పెట్టుకుని పోతామని అతని బాధ. అది నిజమే. తాతను మించి ఎవరికి తెలుసు ఆ సంగతి.

అప్పుడు బాపు లేచి కూర్చున్నాడు. కళ్ళు, నోరు తప్ప ఏమీ కనిపించడం లేదు. "దాన్ని గూడ గుంజుదాం నాయినా" అన్నాడు. "నేను దిగబడుతాంటె నన్నే చూసింది. గట్ల ఇడిచిపెట్టి రాబుద్ధి అయితలేదు."

వల మళ్ళీ వేయకూడదు. తువ్వాళ్ళు, పంచెలు విప్పి ముడులు వేశారు. జమ్ము కోసి బూడిద మీద దట్టంగా పరిచారు. అందరిలో బరువు తక్కువవాడు టిప్పర్ కాక. తిట్టుకుంటూనే జమ్ము మీద పాక్కుంటూ పోయి, దుప్పి పొట్ట కింద నుంచి పంచె దోపి ముడేశాడు. అందరూ లాగితే అది ఊడి వచ్చింది. వస్తూ వస్తూ కాక చెంప మీద ఒక్క తన్ను తన్నింది. కట్ట ఎక్కి, ఒకసారి ఒళ్ళు దులపరించుకుని, మంచులోకి పోయింది. కాక ఆ చెంప పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఎన్నో ఏళ్ళు, పెళ్ళిళ్ళలో కూడా, ఆ మచ్చ చూపించి గొప్పలు చెప్పుకునేవాడు. దుప్పి మాత్రం చెప్పినప్పుడల్లా పెద్దదయ్యేది.

ఊళ్ళోకి వచ్చేసరికి మా వాకిట్లో జనం నిండిపోయారు. కాలనీ నుంచి కూడా వచ్చారు. వేటకు పోయినవాళ్ళు రాకముందే మసాలా నూరి పెట్టుకోవడం మా ఊరి పద్ధతి. వీధంతా అల్లం వెల్లుల్లి, వేయించిన ధనియాల వాసన. బాపమ్మ మోదుగ ఆకులు వరసగా పరిచింది.

తాత ఆ ఖాళీ ఆకుల ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. దాచలేదు, పెంచలేదు. "మాటిచ్చిన, నిలబెట్టుకోలేకపోయిన" అన్నాడు. బాపు తల వంచుకుని బూడిద మొహంతో నిలబడ్డాడు. తన వల్లే తండ్రి తల దించుకోవలసి వచ్చిందని ఆయన బాధ.

తాతకు వరసకు అక్క అయ్యే ఒక ముసలామె ముందుకు వచ్చింది. కొడుకులిద్దరూ దుబాయిలో, ఇంట్లో ఒక్కతే. మోదుగాకు ఒకటి చేతిలోకి తీసుకుని, "తమ్మీ, వలల పడ్డది ఊరందరిదేనా, కాదా?" అంది.

"ఊరందరిదే అక్కా."

"అయితే నీ కొడుకు ఊరందరిది. ఏడుసుడెందుకు, పోగులెయ్యి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వులు మొదలయ్యాయి. బాపమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలామె నవ్వలేదు. "నేను పరాష్కానికి అంటలేను. నా ఇల్లు ఇప్పేటోడు లేడు. మొన్న నడుం ఇరిగినాయనను చూసినంక నాకు నిద్ర పడ్తలేదు. కప్పు సంగతి తెలిసినోడు వీడు. నా పోగు కింద ఒక పొద్దు వచ్చి నా ఇల్లు దించిపెట్టుమను" అంది.

ఇంకో ఇంటామె, "మాది గూడ" అంది. తర్వాత ఇంకొకరు. టిప్పర్ కాక చెంప తడుముకుంటూ, "సామాను నేను ఏసుకపోత" అన్నాడు. బాపు తలెత్తి తాత వైపు చూశాడు. తాత ఆకులన్నీ ఏరి బాపు చేతిలో పెట్టాడు.

ఆ ఏడాది మా బాపు డ్యూటీ దిగి ఇంటికి రాలేదు, ఊరికి పోయాడు. ఫస్ట్ షిఫ్టు అయితే మధ్యాహ్నం నుంచి, నైట్ షిఫ్టు అయితే పొద్దున రెండు గంటలు పడుకుని. అమ్మ మొదట్లో గొణిగింది, తర్వాత తనే సద్ది కట్టి పంపేది. సెలవుల్లో నేనూ వెంట ఉండేదాన్ని. ముందు పెంకులు, తర్వాత వాసాలు, చివరికి దూలం. కింద కర్రలు నిలబెట్టి, తాళ్ళు కట్టి, పిల్లను ఊయల్లోంచి దించినట్టు దించేవాడు. భూమి కింద కప్పులు నిలబెట్టే మనిషి పైన కప్పులు దించుతున్నాడని బాయి దోస్తులు ఎగతాళి చేసేవారట. అటకల సందుల్లో పిచ్చుక గూళ్ళు, ఎప్పుడో పోయిన కొడవలి, పగిలిన గాజులు, బొడ్రాయి పండగనాటి కొబ్బరిచిప్పలు దొరికేవి. ప్రతి ఇంట్లో మాకు తినబెట్టేవారు. సర్వపిండి, మక్కగటక, ఎండుచేపల పులుసు. దుబాయి కొడుకుల ముసలామె కర్జూరపండ్లు పెట్టింది. ఒక్క మనిషికి కూడా దెబ్బ తగలలేదు. బాపు బాయిలో చేసిన పనంతటికీ నేను గర్వపడి ఉండాల్సింది, కానీ చిన్నప్పుడు మనకు కనిపించేదే కదా పని. నాకు కనిపించింది ఇదే.

మా ఇంటి వంతు చివరికి మిగిలింది. పోగులు పంచే పెద్ద తన పోగు ఆఖరున తీసుకోవాలట. అప్పటికి ఊళ్ళో నిలబడి ఉన్న ఇల్లు మాదొక్కటే. చుట్టూ మొండిగోడలు.

బాపు ఒక్కడే పొద్దున నిచ్చెన వేశాడు. కాసేపటికి టిప్పర్ వచ్చింది. దానిలో నుంచి కాలనీవాళ్ళంతా దిగారు. ఎవరూ పిలవలేదు. మగవాళ్ళు కప్పెక్కారు, ఆడవాళ్ళు తెచ్చిన సంచులు బాపమ్మ ముందు దించారు. ఒకరు కోడి, ఒకరు గుడ్లు, ఒకరు ఆలుగడ్డలు, ఒకరు వంకాయలు. ఇవన్నీ వేరువేరుగా వండడానికి ఎవరికి ఓపిక. వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి, అన్నీ ఒకే గుండిగలో వేసేసింది బాపమ్మ. మధ్యాహ్నానికి కప్పు మొత్తం దిగింది. నేను పుట్టినప్పటి నుంచి మసకగా చూసిన ఆ నడిమింట్లో ఎండ పడింది. ఆ గోడలు అంత మాసిపోయి ఉన్నాయని అప్పుడే తెలిసింది. అక్కడే, ఆ ఎండలో, అందరం వరసగా కూర్చున్నాం.

నిజం చెప్పాలంటే కూర బాగాలేదు. కోడి ఉడకలేదు, ఆలుగడ్డ కరిగిపోయింది, ముగ్గురు ఎవరికి వాళ్ళు ఉప్పు వేశారు. అయినా నేను దేనినీ అంత ఇష్టంగా తినలేదు, ఇప్పటికీ. మనుషులంతా మాట్లాడుకుంటూ, ఒకరి విస్తట్లోది ఒకరికి వేస్తూ తిన్నారు. ఇప్పుడు ఆ చోటు చూడాలంటే కంచె ఇవతల నిలబడి చాలా లోతుకు చూడాలి. రాష్ట్రం వచ్చేనాటికే అక్కడ ఊరన్న గుర్తు లేదు. మా తాత దాని గురించి కాలనీలో ఎవరితోనూ కొట్లాడలేదు, తిట్టలేదు, ఒక్కసారైనా చూసి వద్దామని అడగలేదు. అందరూ ఆయనకు మతిమరుపు వచ్చిందనుకున్నారు. నేను అనుకోలేదు, ఆ రోజు ఆయన పక్కనే కూర్చున్నాను కాబట్టి.

"ఎట్లున్నది కూర?" అని బాపమ్మ అడిగింది.

"ఉప్పు కసం" అన్నాడు తాత. కానీ ముద్ద మీద ముద్ద తింటూనే ఉన్నాడు. ఆకు ఖాళీ అయ్యాక తలెత్తి, "అందరు తిన్నరా?" అని అడిగాడు.

"తిన్నరు."

"అన్ని గడపలోళ్ళు?"

"అన్ని గడపలోళ్ళు తిన్నరు. నువ్వే ఆఖరు."

తాత లేచి, గోడ పట్టుకుని వాకిట్లోకి పోయాడు. బాపమ్మ చెంబుతో నీళ్ళు పోస్తుంటే నిదానంగా చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని, గొయ్యి ఉన్న దిక్కుకు మొహం పెట్టి నిలబడ్డాడు.

"ఇగ తొవ్వుకోమను" అన్నాడు.